అర్జీ రాసిన పిల్ల

ఓటు లేనోళ్లకు ప్రజాస్వామ్యంతో ఏం పని అవ్వా అని అడిగినావు గదరా చిన్నోడా. బళ్లో అయ్యవారు చీటీలిచ్చి క్లాసు లీడరును ఎన్నుకోమన్నారంట, నీకది ఉత్త ఆటగా అనిపించిందంట. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను నాయనా. నెగడులోకి ఆ మొద్దు ఇంకొంచెం తొయ్యి. పెద్దమ్మీ, నువ్వు మీ చెల్లెలికి దుప్పటి కప్పు. ఓటు లేని పిల్ల ఒకతి ఈ ఊరికి ఏం చేసిపెట్టిందో చెప్తాను, అప్పుడు నువ్వే చెప్పు ఆట అవునో కాదో.

1991వ సంవత్సరం. మీ అమ్మ పుట్టీ పుట్టని కాలం అది. మనది మెట్ట. ఆత్మకూరు దాటి ఉత్తరంగా ఉదయగిరి, వింజమూరు, కలిగిరి దిక్కు పోతే అంతా వానను నమ్ముకున్న నేలే. పెన్నకు అడ్డంగా సోమశిల డ్యాం మనకు దగ్గర్లోనే కట్టినారు గానీ నీళ్లు పల్లానికి గదా పోయేది. ఇక్కడ సజ్జ, జొన్న, కంది, పొగాకు, నాలుగు గొర్రెలు. పొగాకు రెలిచే కాలం వస్తే ఆకు ఆరబెట్టే బ్యారన్ల కాడ ఆకును కర్రలకు కట్టేదానికి పిల్లల్ని పిలుచుకుని పోయేవాళ్లు. చిన్న చేతులకు పని చురుగ్గా సాగుతుందని చెప్పేవాళ్లు. అసలు సంగతి, చిన్న చేతులకు కూలి తక్కువ.

మీ పెద్దత్త మూడో తరగతిలో ఉండగా బడి మాని ఆ పనికి పోయింది. ఆకు జిగురు వేళ్లకు పట్టి నల్లగా పేరుకునేది. ఎంత తోమినా పోదు. అన్నం కలుపుకుంటే ముద్ద చేదుగా ఉందని ఏడ్చేది. ఆ పిల్ల తెచ్చిన కూలి, నేను తెచ్చిన కూలి, రెండూ సాయంత్రానికి సారా అంగడికి చేరేవి. మీ తాత చెడ్డోడు కాదురా. పొద్దున పూట ఆయనంత నెమ్మదస్తుడు ఊళ్లో ఉండడు. పొద్దుగూకితే మాత్రం మనిషి మారిపోయేవాడు. మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లో అయినా అదే కత.

సారా అప్పుడు దొంగచాటు సరుకు కాదు, అది మీకు బాగా తెలియాల. ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ అని పేరుపెట్టి ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోయించి ఊరూరికీ పంపించేది. ఏటేటా పాట పెట్టేవాళ్లు. ఎక్కువకు పాడిన కాంట్రాక్టరుకు అంగళ్లు. ఊళ్లో మంచినీళ్లు అందేవి కావు గానీ సారా ప్యాకెట్టు మాత్రం గడప కాడికి వచ్చేది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చిన రాబడి 39 కోట్లు. 1991-92కు అది 812 కోట్లు అయింది. ఆ లెక్క నేను తరవాతెప్పుడో చదివినాను. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ కోట్లలో మీ అత్త పొగాకు కూలి కూడా ఉంది గదా.

1991 జనవరిలోనే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని పెద్దోళ్ల చదువు ఉద్యమం మొదలుపెట్టినారు. అంతకు ముందు 1988లో ఢిల్లీలో సాక్షరతా మిషన్ అని పెట్టినారు. 1990లో కేరళలో ఎర్నాకుళం జిల్లా అంతా చదువొచ్చిన జిల్లా అని చాటింపు వేసుకుంది. మన జిల్లా ఆ దారి పట్టింది. జన విజ్ఞాన వేదిక వాళ్లు, ఇంకా ఎందరో, కళాజాతలని జట్లు కట్టుకుని వచ్చి రచ్చబండ కాడ పాటలు పాడినారు, ఆటలు ఆడినారు. చదువు చెప్పేదానికి జీతం లేదు. ఇంటరు తప్పిన పిల్లోళ్లు, పది చదివిన ఆడపిల్లలు, వాళ్లే వాలంటీర్లు. రాత్రి పనులయినాక లాంతరు కింద పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లం. మగవాళ్లు నాలుగు రోజులు వచ్చి మానేసినారు. ఆడవాళ్లం మానలేదు.

ఎంత వయసు వాళ్లకు ఆ చదువు అంటే, తొమ్మిదేళ్ల నుంచి ముప్ఫై అయిదేళ్ల దాకా. ఆ తొమ్మిది అనే అంకె పెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్లకు దణ్ణం పెడతాను. అది లేకపోతే ఈ కతే లేదు. పదేళ్ల పిల్ల, బడి మానిన పిల్ల, తల్లి పక్కన పలక పట్టుకుని కూర్చునే దారి దొరికింది. మీ అత్తకు మూడో తరగతి దాకా వచ్చిన అక్షరాలు మరపున పడలేదు. నేను ‘అ’ దిద్దుకునేలోగా ఆ పిల్ల పాఠం మొత్తం చదివేసి నాకు చెప్పేది. తల్లికి కూతురే పంతులమ్మ. ఊళ్లో చాలా ఇళ్లల్లో అట్లే జరిగింది.

వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండింది. మొగుడు తాగుడుకు చిక్కి సంసారం ఎట్లా చితికిపోయిందో చెప్పే కథ. ఆ పాఠం నాడు వాలంటీరు పిల్లోడు వెనకున్న మీ అత్తను పైకి లేచి చదవమన్నాడు. చదివింది. ఎవరైనా మాట్లాడండమ్మా, మీ ఊళ్లో ఇట్లాంటిది ఉందా అన్నాడు. ఆడవాళ్లం ఎవరి కొంగు వాళ్లం నోటికి అడ్డం పెట్టుకున్నాం. ఇంటి పరువు గదా. అప్పుడా పిల్ల కూర్చోకుండానే చెప్పేసింది, మా నాయన తాగకపోతే నేను బడికి పోయేదాన్ని అని.

నాకు ముందు తల కొట్టేసినట్టయింది. నా పక్కనున్న ఆమె, మా ఇంట్లోనూ అంతే అమ్మీ అంది. ఆ వెనక ఇంకో ఆమె. ఆ రాత్రి పాఠం సాగలేదు. ఒకరి తరవాత ఒకరు చెప్పుకుంటూ పోయినాం. పెద్దోళ్లం ఏళ్లకేళ్లు దాచుకున్న మాటను పిల్ల బయట పెట్టింది. పిల్లల ముందర పెద్ద మాటలు ఎందుకని ఇప్పుడూ కొందరు అంటా ఉంటారు. అన్నీ చూసేది పిల్లలే, అన్నీ పడేది పిల్లలే, మాట్లాడే కాడికి వస్తేనే వాళ్లు చిన్నోళ్లు అయిపోతారా?

ఇంతలో దూబగుంట కబురు వచ్చింది. కలిగిరి మండలంలోది, మన మెట్ట ఊరే. ఆడ కూడా రాత్రి బడిలో ఇదే మాట, ఇదే పాఠం. వర్ధినేని రోశమ్మ అని, పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, ఆడవాళ్లను కూడగట్టింది. ముందు కల్లు ఆపినారు, ఆ తరవాత సారా జీపును ఊళ్లోకి రానియ్యలేదు. అంగడి మూయించినారు. ఆ తరవాత దూబగుంట సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని వాచకంలో పాఠం అయింది. చూడరా, నిన్నటి దాకా సంతకం రాని ఆడవాళ్లు చేసిన పని, ఇయ్యాల అచ్చులో పాఠం. అది చదివిన ఊరల్లా మనమెందుకు చెయ్యలేం అని లేచింది. మేమూ లేచినాం.

మన ఊళ్లో సారా అంగడి బడికి పోయే దారిలోనే ఉండింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పోదామన్నారు కొందరు. ముందు అర్జీ పెడదాం, వినకపోతే చూద్దాం అన్నారు ఇంకొందరు. రాసేదెవరు? వాలంటీరు పిల్లోడు ఆ వారం ఊళ్లో లేడు. మీ అత్త పలక పక్కన పెట్టి తెల్లకాగితం తెచ్చుకుంది. మేము చెప్తా ఉంటే రాసింది. కలెక్టరు గారికి, మా ఊళ్లో సారా అంగడి తీసెయ్యండి, మా కూలి డబ్బులన్నీ దానికే పోతున్నాయి. ఇదంతా మేము చెప్పిందే. అడుగున మాకు చెప్పకుండా ఒక వరస తనంతట తానే చేర్చింది. పిల్లలం మేము కూడా వద్దంటున్నాం, మాకు బడి కావాల అని. దాని కింద తన పేరు, బ్యారన్ల కాడికి వచ్చే పిల్లల పేర్లు.

ఊరి పెద్దాయన ఒకాయన కాగితం చూసి, పిల్లల సంతకాలు చెల్లవే పిచ్చిదానా అన్నాడు. చెల్లకపోతే వాళ్లే కొట్టేస్తారు తాతా, మేం మాత్రం రాస్తాం అనింది. నా కడుపున పుట్టిన పిల్ల నోట్లో ఆ మాట ఎట్లా వచ్చిందా అని ఇప్పటికీ అనుకుంటా ఉంటాను. ఆ కాగితం మీద నేను పెట్టిందే నా మొదటి సంతకం. వంకర టింకరగా ఉండింది గానీ వేలిముద్ర కాదు.

1992లో జిల్లా అంతా అంటుకుంది. నెల్లూరులో సారా పాటలు పెట్టే చోటికి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా పోయినారు. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. ‘ఈనాడు’ పేపర్లో రోజూ సారా పోరాటం వార్తలే. పేపరు ఊరికి ఒకటి వచ్చేది, సాయంత్రం మీ అత్త రచ్చబండ కాడ గట్టిగా చదివేది, చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ఏ ఊళ్లో ఏం జరిగిందో మాకు ఆ పిల్ల గొంతులోనే తెలిసింది.

అన్నీ మెచ్చుకోవలసినవే జరిగినాయని నేను చెప్పను. తాగొచ్చినోళ్లకు గుండు గీసి వీధుల్లో తిప్పిన ఊళ్లు ఉన్నాయి. ఆడవాళ్ల కడుపుమంట నాకు తెలుసు, ఆ మంట నాలోనూ ఉండింది. అయినా మనిషిని నలుగురిలో అవమానించి గెలవడం నాకు నచ్చలేదు. ఆ మనిషి పిల్లలు కూడా ఆ వీధిలోనే నిలబడి చూస్తా ఉంటారు గదా. అంగడి మూయించడం వేరు, మనిషిని తొక్కడం వేరు. మీ బళ్లో లీడరుకు ఓటెయ్యని పిల్లల్ని వెక్కిరిస్తున్నారంట మీవాళ్లు. అది మానుకోండి.

ఎక్సైజు రాబడి పోతుందని భయపడిన ప్రభుత్వమే చివరకు దిగివచ్చింది. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో సారా ఆగింది. ఆ అక్టోబరు 1న రాష్ట్రమంతటా ఆగింది. 1995 జనవరిలో ముఖ్యమంత్రి రామారావు గారు మద్యం మొత్తానికే నిషేధం పెట్టినారు, 1997లో ఆయన తరవాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ తరవాతి కత మీకు తెలిసిందే, వీధి చివర బోర్డు చూస్తానే ఉన్నారు. దాని గురించి ఇయ్యాల మాట్లాడను, మాట్లాడితే తెల్లవారిపోతుంది.

నేను చెప్పాలనుకునేది సారా ఆగినాక ఇంట్లో జరిగింది. మీ తాత కూలి డబ్బులు ఇంటికి రావడం మొదలయింది. పొదుపు లక్ష్మి అని రోజుకు రూపాయి దాచుకునే సంఘాల్లో చేరినాం. కాస్త ఊపిరి పీల్చుకున్నాం. ఇంక ఈ పిల్లకు సంబంధం చూద్దాం, పన్నెండు నిండినాయి గదా, రెండేళ్లలో చేసేద్దాం అని మీ తాత అన్నాడు. నేనేమీ అనలేదు. మాకప్పుడు అది వింత కాదు. శారదా చట్టం 1929 నుంచే ఉందని, ఆ తరవాత దాన్ని సవరించినాక ఆడపిల్లకు 18 నిండకుండా పెళ్లి నేరమని ఊళ్లో ఎవరు చెప్పినారు కనక? ఆ రాత్రి అన్నాల కాడ మీ అత్త వాళ్ల నాయనకు ఎదురుగా కూర్చుని అడిగింది. సారా వద్దని అర్జీ పెడితే కలెక్టరు విన్నాడు, గవర్నమెంటు విన్నది. మాకు బడి కావాలని కూడా దాంట్లోనే రాసినాను. సగం అర్జీ విని సగం వినకపోతే ఎట్లా నాయనా?

మీ తాత కంచంలో చెయ్యి పెట్టుకుని నన్ను చూసినాడు. నేను పిల్ల పక్కన నిలబడినాను. మేము ఊరంతా తిరిగి మా మాట వినండి అని అరిచి, ఇంట్లో పిల్ల మాట వినకపోతే ఆ అరుపుకు విలువేముంది? మీ తాత కూడా వినే మనిషే, తాగుడు లేనప్పుడు. ఆ జూన్‌లో ఆత్మకూరులో హాస్టల్లో వేసినాం.

ఇదంతా మా ఇంటి గొడవే అనుకున్నాను అప్పట్లో. తరవాత చదువుకుంటే తెలిసింది, అదే కాలంలో లోకమంతా ఇదే మాట నడుస్తా ఉందని. పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాంట్లో చేరింది 1992 డిసెంబరు 11న. నెల్లూరులో సారా పాటలు ఆగిపోయిన ఏడాదే! దాంట్లో పన్నెండో అధికరణం ఏం చెప్తుందంటే, పిల్లలకు సంబంధించిన ప్రతి విషయంలో వాళ్ల మాట అడగాల, వినాల, వయసుకు తగ్గట్టు విలువ ఇవ్వాల. రెండు నెలలు తిరక్కుండా 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఉన్నికృష్ణన్ కేసు అంటారు. ఎదటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కాలేజీల ఫీజుల మీద నడిచిన కేసులో, పద్నాలుగేళ్లు నిండేదాకా చదువు పిల్లల ప్రాథమిక హక్కు అని తీర్పు వచ్చింది. మన ఊళ్లో ఆ తీర్పు ఎవరికీ తెలియదు. మీ అత్త మాత్రం దాన్ని అన్నాల కాడ వాదించి గెలిచింది.

ఇంకో సంగతి. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా గారు తెలంగాణ దిక్కు రంగారెడ్డి జిల్లా ఊళ్లల్లో, బడికి పోని పిల్ల ఎవరైనా బాలకార్మికురాలే అని పట్టుబట్టి పని చేసినారు. పశువుల కాడ ఉన్నా, చెల్లెల్ని ఎత్తుకుని ఉన్నా, పొగాకు కాడ ఉన్నా సరే. పని మానిన పిల్లలకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించినారు. ఆమె పని చేసిన సంస్థకు వాళ్ల తాత మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరే పెట్టినారు. ఆయనా మన జిల్లా మనిషే, చరిత్రా రాజనీతీ చదివి, పంచాయతీల వంటి స్థానిక పాలన మీద పుస్తకాలు రాసినాయన. తాత ప్రజాస్వామ్యం గురించి రాస్తే మనవరాలు దాన్ని పిల్లల కాడికి తీసుకుపోయింది. 2003లో మెగసెసె అవార్డు ఇచ్చినారు ఆమెకు. బాలల హక్కుల కమిషన్ 2007లో పెడితే మొదటి అధ్యక్షురాలు ఆమే.

1995 పంచాయతీ ఎన్నికల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు వచ్చినప్పుడు నేను వార్డు మెంబరునైనాను. రాత్రి బడి లేకపోతే ఆ కుర్చీలో కూర్చుని ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసేదాన్ని. కాగితం ఇవ్వండి, చదివి పెడతాను అన్నందుకు కొందరికి కోపాలు వచ్చినాయి. రానియ్యి.

ఇప్పుడు మీకు ఎన్ని ఉన్నాయో చూడండి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు ఉచితం, బళ్లో పిల్లల్ని కొట్టకూడదు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాల, కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాల. మధ్యాహ్నం మీరు తినే అన్నం ఎవరో దయతలిచి పెట్టేది కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దాని వెనక ఉంది. పెళ్లి చేస్తామన్నా, పనికి పంపినా, ఎవరైనా చెయ్యి వేసినా 1098కి ఫోన్ చెయ్యొచ్చు. పెద్దమ్మీ, నీకు చెప్తున్నాను, ఆ నంబరు పుస్తకం అట్ట లోపల రాసుకో. సమాచార హక్కు చట్టానికి వయసు అడ్డం లేదు. 2012లో లక్నోలో ఒక చిన్న పిల్ల, గాంధీ గారికి జాతిపిత అనే బిరుదు ఎప్పుడు ఇచ్చినారో చెప్పండని అర్జీ పెట్టింది. ఢిల్లీలో పెద్ద పెద్ద ఆఫీసులన్నీ వెతికి, మా కాడ అట్లాంటి ఉత్తర్వేమీ లేదని రాసి పంపినాయి. పిల్ల అడిగితే దేశం జవాబు చెప్పింది.

చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ జరుగుతాయని నేను నమ్మను. పొగాకు కాలంలో మీ క్లాసులో ఎన్ని బెంచీలు ఖాళీ అవుతాయో మీకే బాగా తెలుసు. ఆ ఖాళీ బెంచీల సంగతి అడగాల్సింది క్లాసు లీడరే. మీరు చీటీలు వేసి ఎన్నుకున్న పిల్లకు నోటుపుస్తకాలు ఏరడం, అల్లరి చేసినోళ్ల పేర్లు బోర్డు మీద రాయడం ఒక్కటే పని అయితే ఆ ఎన్నిక దండగ. హెడ్మాస్టరు కాడికి పోయి, మా తరగతిలో ఫలానా పిల్లలు బడికి రావడం లేదు సార్, వాళ్లింటికి పోదాం రండి అని అడగమనండి. మీరు వేసిన ఓటుకు ఆ పిల్ల మీకు జవాబు చెప్పాల. ఆ అలవాటు పదేళ్ల వయసులో పడితే పద్దెనిమిదేళ్లప్పుడు మిమ్మల్ని డబ్బుకు ఎవరు కొనగలరు?

మీ బళ్లో బోరు నీళ్ల సంగతి మొన్న చెప్పినావు గదా పెద్దమ్మీ. ఉదయగిరి, వరికుంటపాడు దిక్కు ఊళ్లల్లో ఫ్లోరైడు ఏం చేసిందో నేను కళ్లారా చూసినాను. పళ్ల మీద గోధుమరంగు గీతలతో మొదలయి కీళ్ల దాకా పోతుంది, ఆ తరవాత వెనక్కి తిప్పలేం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ నీళ్లల్లో ఎంత ఉందో ఎవరైనా చూసినారా? చూడకపోతే అడగండి. గ్రామసభలో ఓటున్నోళ్లే సభ్యులు, అయినా మీరు పోయి కూర్చుంటే వద్దనేవాళ్లు లేరు. నన్ను ముందు పిలవండి, నేను లేచి మీకు మాట ఇప్పిస్తాను.

కాగితం తెచ్చుకున్నావా? పైన తేదీ వెయ్యి. ఎవరికి రాస్తున్నామో వాళ్ల హోదా రాయి, పేరు అక్కర్లేదు, మనుషులు బదిలీ అవుతారు, కుర్చీ ఉంటుంది. ఏం జరుగుతోందో రెండు మాటల్లో రాయి. మనకేం కావాలో ఒక్క మాటలో రాయి. నీళ్లు పరీక్ష చేయించి ఫలితం బడి గోడ మీద అతికించాల అని రాయి. బతిమాలొద్దు, తిట్టొద్దు. అడుగున అందరూ సంతకాలు పెట్టండి, చిన్నోడి చేత కూడా పెట్టించు. రెండు కాపీలు తియ్యండి. సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు, బడి అయినాక పోదాం, నేనూ వస్తాను. రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని రసీదు అడగాల. ఇవ్వకపోతే అక్కడే బెంచీ మీద కూర్చుందాం.